ఓటు లేని స్త్రీలు – అణు విద్యుత్తు: స్విట్జర్లాండ్ అనుభవం

(మహిళా కార్యకర్తల అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



‘స్త్రీలు – ఇంధనం’ అనే విషయం మీద మాట్లాడమని నిర్వాహకులు అడిగినప్పుడు, నేను కట్టెల పొయ్యి గురించో గ్యాస్ బండ ధర గురించో చెబుతానని మీలో చాలామంది అనుకుని ఉంటారు. అవీ మాట్లాడుకోవలసినవే. కానీ ఇవాళ నేను ఒక మాత్రల పెట్టెతో మొదలుపెడతాను.

2024 జనవరిలో మా చెల్లెలి కూతురి పురిటికి స్విట్జర్లాండ్ వెళ్ళాను. మా చెల్లెలు మోకాళ్ళ ఆపరేషన్ చేయించుకుని ఉండటంతో ఆ బాధ్యత నామీద పడింది. వాళ్ళుండేది బాడెన్ అనే చిన్న పట్నం. అక్కడ మనవాళ్ళు, ముఖ్యంగా ఇంజనీర్లుగా వెళ్ళినవాళ్ళు, చాలామందే ఉన్నారు. పసిదానికి నూనె సీసా కోసం వంటింటి అలమర వెతుకుతుంటే పై అరలో ఒక చిన్న పెట్టె కనిపించింది. ఏమిటే ఇది అంటే, “అయోడిన్ మాత్రలు పెద్దమ్మా, అణు కేంద్రం దగ్గర కదా, అందరిళ్ళల్లో ఉంటాయి” అంది. మన ఇళ్ళల్లో పారాసెటమాల్ గురించి చెప్పినంత తేలిగ్గా చెప్పింది.

ఆ దేశంలో అణు కేంద్రాలకి 50 కిలోమీటర్ల లోపు ఉండే ప్రతి ఇంటికీ ఈ మాత్రలు ఉచితంగా ఇస్తారు. 2014కి ముందు 20 కిలోమీటర్ల లోపు వాళ్ళకే ఇచ్చేవారు. పదేళ్ళకోసారి పాతవి తీసేసి కొత్తవి పంచుతారు. ప్రమాదం జరిగి రేడియోధార్మిక అయోడిన్ గాలిలోకి వస్తే గొంతులోని థైరాయిడ్ గ్రంథి దాన్ని పీల్చుకుంటుంది. ముందుగా మామూలు అయోడిన్‌తో ఆ గ్రంథిని నింపేస్తే విషపు అయోడిన్‌కి అక్కడ చోటుండదు. అదీ ఈ మాత్ర చేసే పని. అధికారులు చెప్పినప్పుడే వేసుకోవాలి. పసిపిల్లలకి, గర్భిణులకి, పాలిచ్చే తల్లులకి ఇది మరీ ముఖ్యం. మా అమ్మాయి ఇంటికి పది పన్నెండు కిలోమీటర్ల దూరంలో, ఆరె నది మీద బెజ్నావ్ అణు కేంద్రం ఉంది.

ఫిబ్రవరి 7, బుధవారం. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి ఊరంతా సైరన్లు మోగాయి. పాప ఉలిక్కిపడి లేచింది. నేనూ లేచి నిలబడ్డాను. “పరీక్ష పెద్దమ్మా, ఏటా ఫిబ్రవరి మొదటి బుధవారం మోగిస్తారు” అంది మా అమ్మాయి. ఆ సైరన్లు అణు ప్రమాదానికి మాత్రమే కాదు, ఏ పెద్ద ఆపద వచ్చినా అవే మోగుతాయి. ఏర్పాటు మంచిదే. కానీ పాపని భుజాన వేసుకుని తిరుగుతున్నంతసేపూ నన్నొక ప్రశ్న వదల్లేదు. ఇక్కడ ఇది కట్టేటప్పుడు ఈ ఊరి ఆడవాళ్ళని ఎవరైనా అడిగారా?

నేను శాస్త్రవేత్తని కాను. ముప్పై ఏళ్ళు కాలేజీలో రాజనీతి శాస్త్రం చెప్పినదాన్ని. మీలో ఆ సబ్జెక్టు చదివినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, ప్రత్యక్ష ప్రజాస్వామ్యానికి పుట్టిల్లు స్విట్జర్లాండ్ అని మన పాఠ్యపుస్తకాల్లో ఉండేది. రాజ్యాంగాన్ని మార్చాలంటే ప్రజల ఓటు తప్పనిసరి. పార్లమెంటు చేసిన చట్టం నచ్చకపోతే 50 వేల సంతకాలతో దాన్ని ఓటుకి పెట్టించవచ్చు. లక్ష సంతకాలుంటే రాజ్యాంగ సవరణనే ప్రజలు ప్రతిపాదించవచ్చు. ఏటేటా పిల్లలకి ఇదంతా నల్లబల్ల మీద రాసి చెప్పాను. ఆ ‘ప్రజలు’లో 1971 దాకా స్త్రీలు లేరన్న సంగతి నా నోట్సులో ఒక్క లైను కూడా లేదు. ఆ తప్పు ఇవాళ మీ ముందు ఒప్పుకుంటున్నాను. సైరన్ మోగిన ఆ రోజుకి సరిగ్గా 53 ఏళ్ళ కిందట, 1971 ఫిబ్రవరి 7న, ఆ దేశపు మగవాళ్ళు ఓటు వేసి స్త్రీలకి జాతీయస్థాయి ఓటుహక్కు ఇచ్చారు.

ఇప్పుడు ఆ దేశంలో అణు విద్యుత్తు ఎప్పుడు మొదలైందో చూద్దాం. 1957 అన్న సంవత్సరాన్ని గుర్తుపెట్టుకోండి.

ఆ ఏడాది మార్చిలో ఒక ఓటింగు జరిగింది. పౌర రక్షణ సేవలో స్త్రీలు కూడా విధిగా పాల్గొనాలా అన్నది విషయం. బాధ్యత స్త్రీల మీద, ఓటు మగవాళ్ళకి. వలే కాంటన్‌లో – కాంటన్ అంటే మన రాష్ట్రం లాంటిది – ఉంటర్‌బెఖ్ అనే కొండ పల్లె ఉంది. మా మీద వేసే బాధ్యత గురించి మేమే ఓటు వేస్తామని అక్కడి స్త్రీలు ముందుకొచ్చారు. పంచాయితీ వాళ్ళ పక్కన నిలబడింది. 33 మంది ఓటు వేశారు. మొదట వేసిన ఆమె కాథరీనా జెన్‌హాయ్‌సెర్న్, ఆ ఊరి పంచాయితీ అధ్యక్షుడి భార్య. ఆ ఓట్లని వేరే పెట్టెలో వేయించారు, లెక్కలోకి తీసుకోలేదు. అయినా స్విస్ స్త్రీల ఓటుహక్కు చరిత్రలో ఆ రోజుకి గొప్ప స్థానం ఉంది.

అదే ఏడాది నవంబరు 24న మరో ఓటింగు. అణుశక్తి మీద చట్టాలు చేసే అధికారాన్ని కేంద్ర ప్రభుత్వానికి ఇస్తూ రాజ్యాంగంలో ఒక అధికరణం చేర్చాలా వద్దా అని. ఓటు వేసినవాళ్ళలో నాలుగింట మూడు వంతులకి పైగా సరేనన్నారు. అందరూ మగవాళ్ళే. 1959 ఫిబ్రవరి 1న స్త్రీల ఓటుహక్కు ప్రశ్న మొదటిసారి జాతీయస్థాయి ఓటుకి వచ్చింది. మూడింట రెండు వంతులమంది మగవాళ్ళు వద్దన్నారు. ఆ సంవత్సరం డిసెంబరులోనే పార్లమెంటు అణుశక్తి చట్టాన్ని ఆమోదించింది. అణువుని నమ్మినంత తేలిగ్గా వాళ్ళు తమ అక్కచెల్లెళ్ళని నమ్మలేకపోయారు.

ఆ తరవాత ఏమైంది? 1969 జనవరి 21న లూసెన్స్ అనే చోట కొండ గుహలో కట్టిన ప్రయోగాత్మక రియాక్టర్‌లో ఇంధనం కొంత కరిగిపోయింది. లోపలికి చేరిన నీటి తేమకి ఇంధన కడ్డీల పైతొడుగు తుప్పుపట్టి, చల్లబరిచే వాయువు దారి మూసుకుపోవడం కారణం. గుహలో ఉండటం వల్ల బయటి జనానికి పెద్దగా హాని జరగలేదు. గుహని మూసేశారు. అదే సంవత్సరం బెజ్నావ్‌లో మొదటి వాణిజ్య రియాక్టర్ విద్యుత్తు ఇవ్వడం మొదలుపెట్టింది. దాని పక్కన రెండోది, బెర్న్ నగరం దగ్గర మ్యూలెబెర్గ్ కూడా అప్పటికే కట్టుబడిలో ఉన్నాయి. అంటే 1971లో స్త్రీల చేతికి ఓటు వచ్చేనాటికి దేశంలోని అయిదు వాణిజ్య రియాక్టర్లలో మూడు ఖాయమైపోయాయి. తరవాత 1979లో గోస్గెన్, 1984లో లైబ్‌స్టాట్ వచ్చాయి.

అయితే ఓటు వచ్చాక ఏం మారింది? ఇది అసలు ప్రశ్న. స్త్రీలకి ఓటు రాగానే అన్నీ చక్కబడ్డాయని నేను చెప్పను. జరిగింది జరిగినట్టు చెబుతాను.

1975 ఏప్రిల్ 1న బాసెల్ నగరం దగ్గర కైజర్‌ఆగ్స్ట్ అనే చోట, అణు కేంద్రం కోసం తవ్వుతున్న స్థలాన్ని జనం ఆక్రమించి కూచున్నారు. రైతులు, విద్యార్థులు, ఉద్యోగులు, పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చిన తల్లులు పదకొండు వారాలు అక్కడే ఉన్నారు. ఆ కేంద్రం చివరికి కట్టలేదు. 1988లో ప్రయత్నం విరమించుకుని, కంపెనీకి ప్రభుత్వం 35 కోట్ల ఫ్రాంకుల నష్టపరిహారం ఇచ్చింది. కట్టని కేంద్రానికి కూడా ప్రజలే డబ్బు కట్టారన్నమాట.

1979 ఫిబ్రవరి 18న ఒక ప్రజా ప్రతిపాదన ఓటుకి వచ్చింది. కొత్త అణు కేంద్రం పెట్టాలంటే ఆ ఊరి, చుట్టుపక్కల ఊళ్ళ ఓటర్లు, 30 కిలోమీటర్ల లోపు ఉన్న కాంటన్ల ఓటర్లు ఒప్పుకోవాలని దాని సారాంశం. దగ్గరుండేవాళ్ళని అడగండి, అంతే. 51 శాతం పైచిలుకు వద్దన్నారు, 49 శాతానికి కాస్త తక్కువ కావాలన్నారు. అంత కొద్దిలో పోయింది. సరిగ్గా అయిదు వారాల మూడు రోజులకి, మార్చి 28న, అమెరికాలో త్రీ మైల్ ఐలాండ్ ప్రమాదం జరిగింది. ఆ ఓటింగు నలభై రోజులు ఆలస్యంగా జరిగి ఉంటే ఫలితం ఏమయ్యేదో మీరే ఊహించుకోండి.

1986లో చెర్నోబిల్. ఆ మేఘం స్విట్జర్లాండ్ మీదుగా కూడా వెళ్ళింది. దక్షిణాన టిచీనో కాంటన్‌లో వాన పడి అక్కడ ఎక్కువ ధార్మికత దిగింది. లుగానో సరస్సులో చేపలు పట్టడం నిషేధించారు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పసిపిల్లలు తాజా పాలు, ఆకుకూరలు తీసుకోవద్దని ప్రభుత్వం సలహా ఇచ్చింది. ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. ఆ సలహాని పాటించే బాధ్యత ఎవరిది? పాలకి బదులు ఏం పెట్టాలో, కూర ఎక్కడ దొరుకుతుందో, ఎన్నిసార్లు కడగాలో వెతుక్కున్నది ఎవరు? రియాక్టర్ ఇంజనీర్లు కాదు. నిర్ణయం ఎక్కడ జరిగినా దాని చాకిరీ వంటింటికే వస్తుంది. మా అమ్మాయి అలమరలో ఆ పెట్టె ఎక్కడుందో, గడువు ఎప్పటిదో ఆమెకే తెలుసు. వాళ్ళాయనని అడిగితే ఒక్క నిమిషం ఆలోచించి, “తననే అడగండి” అన్నాడు.

చెర్నోబిల్ తరవాత 1990 సెప్టెంబరు 23న రెండు ప్రతిపాదనలు ఓటుకి వచ్చాయి. అణు విద్యుత్తుని పూర్తిగా వదిలేయాలన్నది ఓడింది. పదేళ్ళపాటు కొత్త కేంద్రాలు వద్దన్నది 54.5 శాతంతో గెలిచింది. ఈ తేదీకి ఒక విశేషముంది. అపెంజెల్ ఇన్నర్‌హోడెన్ అనే చిన్న కాంటన్‌లో స్త్రీలకి స్థానిక ఓటుహక్కు ఇవ్వడానికి ఆ ఏప్రిల్‌లోనే మగవాళ్ళు మళ్ళీ నిరాకరించారు. అంటే ఆ కాంటన్ స్త్రీకి దేశంలో అణు కేంద్రం ఉండాలా వద్దా అని చెప్పే హక్కుంది, తన ఊరి బడి గురించి, బాట గురించి చెప్పే హక్కు లేదు. ఆ నవంబరులో సుప్రీంకోర్టు లాంటి వాళ్ళ ఫెడరల్ కోర్టు తీర్పు ఇస్తేగానీ అది రాలేదు.

ఇక 2011. స్విట్జర్లాండ్‌లో ప్రధానమంత్రి ఉండరు, ఏడుగురు మంత్రుల మండలి కలిసి పాలిస్తుంది. అందులోకి మొదటి స్త్రీ వచ్చింది 1984లో. 2010 చివరినాటికి ఏడుగురిలో నలుగురు స్త్రీలయ్యారు. మార్చిలో జపాన్‌లో ఫుకుషిమా ప్రమాదం జరిగినప్పుడు ఇంధన శాఖ చూస్తున్నది డోరిస్ లాయిటార్డ్. అంతకుముందు అణు విద్యుత్తుకి అనుకూలంగా ఉంటుందని పేరుపడిన మనిషి. మూడు కొత్త రియాక్టర్ల దరఖాస్తుల్ని ఆమె వెంటనే ఆపేశారు. మే 25న మంత్రిమండలి క్రమంగా అణు విద్యుత్తు నుంచి బయటికి రావాలని నిర్ణయించింది. 2017 మే 21న ప్రజలు 58.2 శాతంతో ఆ చట్టాన్ని ఆమోదించారు. దాని ప్రకారం కొత్త కేంద్రాలకి అనుమతి లేదు, ఉన్నవి సురక్షితంగా ఉన్నంతకాలం నడవచ్చు. మ్యూలెబెర్గ్‌ని 2019 డిసెంబరు 20న మూసేశారు. మిగిలినవి నాలుగు.

స్త్రీలు కాబట్టే ఆ నిర్ణయం తీసుకున్నారని కొందరు రాశారు. నేను ఆ మాట అనను. స్త్రీలందరూ ఒకేలా ఆలోచించరు, ఆలోచించనక్కరలేదు కూడా. పాత రియాక్టర్లని 45 ఏళ్ళకి మూసేయాలన్న ప్రతిపాదన 2016లో 54.2 శాతం వ్యతిరేకతతో ఓడింది. అందులో స్త్రీల ఓట్లూ ఉన్నాయి. బెజ్నావ్ వేడినీటితో చుట్టుపక్కల ఊళ్ళల్లో ఇళ్ళు వెచ్చగా ఉంటాయి. ఆ చలిలో రెండు నెలలు ఉన్నదాన్ని, ఆ వెచ్చదనం విలువ నాకు తెలుసు. బొగ్గుతో పోలిస్తే అణు విద్యుత్తు భూమిని అంతగా వేడెక్కించదన్న వాదన కూడా కొట్టిపారేయదగింది కాదు. ఆ దేశపు వృద్ధ మహిళలే రెండు వేలమందికి పైగా సంఘం కట్టి, వేడిగాలులకి ముందు చచ్చిపోయేది మేమేనని, ప్రభుత్వం తగినంత చేయడం లేదని యూరోపియన్ మానవ హక్కుల కోర్టుకి వెళ్ళి 2024 ఏప్రిల్ 9న గెలిచారు. ఆ ఆగస్టులోనే ప్రభుత్వం కొత్త రియాక్టర్ల మీద నిషేధాన్ని ఎత్తేయాలని ప్రతిపాదించింది. వాదన మళ్ళీ మొదలైంది. ఏది సరైనదో ఇవాళ తేల్చడం నా పని కాదు. పార్లమెంటు చట్టం మార్చినా, సంతకాలు సేకరించి దాన్ని ఓటుకి పెట్టించే హక్కు ఇప్పుడు ఆ దేశపు స్త్రీ చేతిలో ఉంది. నేను చూసేది అది.

అయితే ఇచ్చిన హక్కుని వెనక్కి తీసుకోవడం కూడా అక్కడే చూశాం. నిడ్‌వాల్డెన్ అనే కాంటన్‌లో అణు వ్యర్థాలని కొండలో పాతిపెట్టాలనుకున్నారు. అక్కడి ప్రజలు 1995లో ఒకసారి, 2002లో ఇంకోసారి ఓటు వేసి వద్దన్నారు. అప్పుడేం చేశారు? 2003లో చేసిన కొత్త అణుశక్తి చట్టంలో కాంటన్లకి ఆ వీటో హక్కే లేకుండా చేశారు. ఇప్పుడు ఉత్తరాన, జర్మనీ సరిహద్దు దగ్గర స్థలం ఎంపిక చేసి, 2024 నవంబరులో అనుమతికి దరఖాస్తు పెట్టారు. ఆ వ్యర్థాలు లక్షల సంవత్సరాలు భద్రంగా ఉండాలి. సరిహద్దు అవతల ఉన్న జర్మన్ ఊళ్ళకి అందులో ఓటు లేదు. పుట్టబోయేవాళ్ళకీ లేదు.

ఆ మాటకొస్తే మా అమ్మాయికీ లేదు. ఆ దేశ జనాభాలో నాలుగో వంతుకి పైగా విదేశీయులు. పన్ను కడతారు, పిల్లల్ని కంటారు, అయోడిన్ మాత్రలు అలమరలో పెట్టుకుంటారు. జాతీయస్థాయిలో ఓటు వేయలేరు. 1957లో ఉంటర్‌బెఖ్ స్త్రీలు ఎక్కడ నిలబడ్డారో, ఇవాళ మన ఆడపిల్లలు అక్కడ నిలబడి ఉన్నారు. నాకు మాత్రం ఈ సంగతి పుస్తకంలో కాదు, వంటింట్లో తెలిసింది.

చివరిగా మన సంగతి. బెజ్నావ్ మొదలైన 1969లోనే మన దేశంలో తారాపూర్ అణు కేంద్రం మొదలైంది. అప్పుడు స్విస్ స్త్రీకి ఓటే లేదు. మనకి మొదటి సార్వత్రిక ఎన్నికల నుంచీ ఓటుంది, పైగా ఆ ఏడు మన ప్రధానమంత్రి ఒక స్త్రీ. మనం వాళ్ళకంటే ఎంతో ముందున్నట్టే కదా! కానీ అణుశక్తి మీద 1948లో, 1962లో చట్టాలు చేసినప్పుడు మనని – మగవాళ్ళనైనా, ఆడవాళ్ళనైనా – ఎవరూ అడగలేదు. వాళ్ళ మగవాళ్ళకి ప్రశ్న వేశారు, వాళ్ళ స్త్రీలకి ఓటు ఇవ్వలేదు. మనకి ఓటు ఇచ్చారు, ప్రశ్న వేయలేదు.

శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో ఆరు పెద్ద రియాక్టర్లు పెట్టాలన్న ప్రతిపాదన 2009 నుంచీ ఉంది. అది మత్స్యకారుల సముద్రతీరం. ఇలాంటి చోట్ల భూమి పోతే పట్టా ఎవరి పేరున ఉందో వాళ్ళకి పరిహారం. పట్టా సాధారణంగా మగవాడి పేరునే ఉంటుంది. తట్ట నెత్తిన పెట్టుకుని చేపలమ్మే స్త్రీ బతుకుతెరువు ఏ పట్టాలోనూ రాసి ఉండదు. ప్రజాభిప్రాయ సేకరణ సభ పెడతారు. అందులో మాట్లాడవచ్చు, కానీ అది ఓటు కాదు. మాట్లాడిన మాట నమోదైతే అయినట్టు, లేకపోతే లేదు.

అందుకని మనం ఈ తరగతి నుంచి మూడు విషయాలు పట్టుకెళదాం. అణు కేంద్రమైనా, గనైనా, ఆనకట్టైనా, పక్కన బతికేవాళ్ళకి పూర్తి సమాచారం వాళ్ళ భాషలో ముందుగా ఇవ్వాలి. గ్రామసభలో స్త్రీలు విడిగా కూచుని చర్చించుకోవడానికి సమయం ఇవ్వాలి, వాళ్ళ అభిప్రాయం విడిగా నమోదు కావాలి. ఆ అభిప్రాయం వద్దని అయితే, ఆ ‘వద్దు’కి చట్టంలో విలువ ఉండాలి. అణు విద్యుత్తు కావాలనేవాళ్ళూ వద్దనేవాళ్ళూ ఇద్దరూ ఒప్పుకోదగ్గ కోరికలే ఇవి.

ఉంటర్‌బెఖ్ స్త్రీల 33 ఓట్లని ఎవరూ లెక్కపెట్టలేదని చెప్పాను. పద్నాలుగేళ్ళ తరవాత దేశం మొత్తం లెక్కపెట్టవలసి వచ్చింది. మన ఊళ్ళో ఈసారి అభిప్రాయ సేకరణ సభ జరిగితే, లెక్కలోకి తీసుకుంటారో లేదో అని ఆగకండి. వెళ్ళండి, మాట్లాడండి, మీ మాట కాగితం మీద రాయించి, సంతకం పెట్టి, ఒక నకలు మీ దగ్గర ఉంచుకోండి.

సెలవు.